టెండరు రోజుకే కాపలా: ఇద్దరు ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్థిక మంత్రివర్యులకు,



ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఇంజనీరుగా పనిచేసి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన వాణ్ని. ఏ శాఖో, ఏ జిల్లానో రాయడం లేదు. రాస్తే ఇది ఒక ఆఫీసు మీద ఫిర్యాదైపోతుంది. నేను చెప్పబోయేది పనులు చేయించే ప్రతి శాఖలోనూ జరిగేదే. పైగా ఇందులో నా సంతకమూ ఉంది. శాఖ మంత్రులకు కాక మీ ఇద్దరికే ఎందుకు రాస్తున్నానంటే, ఈ మాటలు ఇదివరకు నేను ఎవరితో అన్నా తల ఊపి, చివరికి ఒకటే అన్నారు: "నిజమేనండీ, కానీ ఫైనాన్స్ ఒప్పుకోదు." అందుకని నేరుగా మీ గుమ్మంలోకే వచ్చాను.

ముందు ఒక పైపుల గుట్ట సంగతి చెప్పాలి.

అది ఫిబ్రవరి నెలాఖరు. మార్చి 31 లోపల అగ్రిమెంట్లు కాకపోతే నిధులు మురిగిపోతాయని పైనుంచి పూటకో ఫోను. నా చేతిలో ఒక ఊరి తాగునీటి పథకం ఉంది. ఒక సంపు, 60 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, 15 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు, వీధుల్లో పీవీసీ లైను. ఎస్టిమేటుకు జతచేయాల్సిన కాగితాల్లో ఒకటి, పనికి కావలసిన స్థలం ఏ వివాదమూ లేకుండా అందుబాటులో ఉందని ఇంజనీరు ఇచ్చే సర్టిఫికెట్. ట్యాంకు కట్టాల్సిన జాగా రికార్డులో గ్రామకంఠం. "మన ఊరి స్థలమేగా ఇంజనీరు గారూ, నేను చూసుకుంటా" అన్నారు సర్పంచి గారు. వెళ్లి చూసొచ్చే తీరిక లేదు. ఆ వారంలో అలాంటి ఎస్టిమేట్లు నా బల్ల మీద పదకొండు ఉన్నాయి. సంతకం పెట్టాను.

ఏప్రిల్‌లో మార్కింగుకని ముగ్గు డబ్బా పట్టుకుని వెళ్తే, ట్యాంకు రావాల్సిన చోట ఒక కొట్టం, రెండు గేదెలు, కుడితి తొట్టి, ఒక పెద్దావిడ. ఆమె కేకలేం వేయలేదు. "మా అత్త కాలం నుంచి గొడ్లను ఇక్కడే కట్టేస్తన్నాం బాబూ. నీళ్లొద్దని నేనట్లా. వీటిని యాడ కట్టెయ్యాలో చెప్పి తవ్వుకో" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతికి, ఆమెకు ఊరి చివర ఇంకో జాగా చూపించి, కాగితం చేతికిచ్చేసరికి 19 నెలలు పట్టింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు చూశారా, నా సర్టిఫికెట్ అచ్చం అదే.

పైపులు మాత్రం మే నెలలోనే వచ్చేశాయి. ఆ అగ్రిమెంటు ప్రకారం పైపు సైటులో దించి, మేం కొలిచి, కొలతల పుస్తకమైన ఎం.బుక్‌లో ఎక్కిస్తే దాని ఖరీదులో సింహభాగం బిల్లు చేయొచ్చు. కాబట్టి అందరికంటే ముందు వచ్చేది పైపులే. కాంట్రాక్టర్ని తప్పు పట్టను, అలా రాసిచ్చింది మేమే. ఆరేసి మీటర్ల పైపులు బడి గోడ పక్కన పేర్చారు. ట్యాంకు లేనిదే లైను వేసి టెస్టు చేయలేం, పెద్ద వీధి రోడ్డు తవ్వడానికి అనుమతీ రాలేదు. రెండు ఎండాకాలాలు ఆ గుట్ట అక్కడే ఉంది. పీవీసీకి ఎండ పడదు. బూడిద రంగు పైపులు ఎండ తగిలిన వైపు పాలిపోయి, నీడ వైపు కొత్తవాటిలా ఉండేవి. ఒక్క పైపునే చేత్తో తిప్పి చూస్తే రెండు పైపులు చూసినట్టుండేది. చివరికి లైను వేసి టెస్టు ప్రెషర్ పెడితే నాలుగు చోట్ల పగిలింది.

మోటారుది ఇంకో కథ. అది జూన్‌లో చెక్కపెట్టెలో దిగింది. వారంటీ షరతు మీలో ఎవరైనా ఎప్పుడైనా చదివారో లేదో: బిగించిన నాటి నుంచి 12 నెలలు, లేదా కంపెనీ పంపిన నాటి నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. ట్యాంకు పూర్తయి, లైను లాగి, ట్రాన్స్‌ఫార్మర్ బిగించి కరెంటు ఇచ్చేసరికి మోటారు వచ్చి 26 నెలలు. మెగ్గర్ పెట్టి చూస్తే వైండింగులో చెమ్మ. మోటారు పక్కన 200 వాట్ల బల్బులు పెట్టి రెండు రాత్రులు ఆరబెట్టించాం. పదకొండు రోజులు నడిచి కాలిపోయింది. కంపెనీకి రాస్తే, వారంటీ గడువు ఎనిమిది నెలల కిందటే ముగిసిందని మర్యాదగా జవాబిచ్చారు. వాళ్లన్నది నిజమే. రీవైండింగ్ ఖర్చు పంచాయతీ పెట్టుకుంది.

ఇప్పుడు ఆ పని ఫైలు తెప్పించి చూడండి. టెండరులో ఒక్క లోపం దొరకదు. ఆన్‌లైన్‌లో పిలిచాం, నాలుగు బిడ్లు వచ్చాయి, ఎల్-వన్, అంటే అందరికంటే తక్కువ వేసినవాడు, ఎస్టిమేటుకు 9 శాతం లెస్, గడువులోపల అగ్రిమెంటు. విజిలెన్సు వాళ్లు భూతద్దం పెట్టినా మచ్చ కనపడదు. ఊరికి మాత్రం రెండేళ్లకు పైగా నీళ్లు రాలేదు, వచ్చాక పదకొండు రోజుల్లో ఆగిపోయాయి.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ప్రాజెక్టు కొనుగోళ్లలో మనం కాపలా పెట్టింది ఒక్క రోజుకు. టెండరు తెరిచే రోజుకు. డబ్బు కారిపోయేది దానికి ముందు నెలల్లో, దాని తర్వాత ఏళ్లలో.

ఆ ఒక్క రోజు కాపలాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో టెండరు బాక్సు అనే ఇనప్పెట్టె ఉండేది. దాని చుట్టూ నిలబడే మనుషులు వేరే ఉండేవారు. కొత్తవాడు షెడ్యూలు కొనడానికి వస్తే టీ తాగించి పంపేసేవారు, వినకపోతే ఇంకోలా పంపేవారు. అందరూ రింగయ్యి, ఒకడికి పని వదిలి, మిగతావాళ్లు గుడ్‌విల్ పంచుకునేవారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. దేశంలో ఈ దారిన ముందుగా నడిచిన రాష్ట్రాల్లో మనదొకటి. ఆ పెట్టె స్టోర్ రూముకు పోయిన రోజు నేను నిజంగానే సంతోషించాను. ఎక్కడో కూర్చుని, ఎవరికీ మొహం చూపించకుండా బిడ్ వేయగలగడం చిన్న కాంట్రాక్టరుకు పెద్ద స్వేచ్ఛ. రింగులు పూర్తిగా పోయాయని అనను. ఒకే పనికి మూడు బిడ్లు 4.7, 4.8, 4.9 శాతం ఎక్సెస్‌తో వస్తే లెక్కలు రానివాడికి కూడా సంగతి తెలుస్తుంది. 5 శాతం దాటితే చెల్లదన్న సీలింగే వాళ్లకు టార్గెట్.

ఆ తర్వాత వచ్చిన సంస్కరణలన్నీ ఆ రోజు చుట్టూనే తిరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 100 కోట్లు, ఆపైన పనుల టెండర్లను ముందుగా న్యాయమూర్తి పరిశీలించేలా చట్టం చేశారు. అదే ఏడాది రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో పోయింది. ఎల్-వన్‌తో తప్ప ఎవరితోనూ బేరమాడొద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఎప్పుడో చెప్పింది. ఇవి మంచివా చెడ్డవా అన్న వాదన రాజకీయ నాయకులకు వదిలేస్తాను. ఎటు తేలినా, ఆ పెద్దావిడ గేదెలను ఎక్కడ కట్టేయాలో వీటిలో ఏ ఒక్కటీ అడగదు.

అడిగే కాగితం ఒకటుందని నాకు తెలిసింది ప్రపంచ బ్యాంకు డబ్బుతో చేసిన ఒక ప్రాజెక్టులో. వాళ్లు రుణం ఇచ్చే ముందే ప్రొక్యూర్‌మెంట్ ప్లాన్ అడుగుతారు. కనీసం మొదటి 18 నెలల్లో ఏం కొంటారు, ఏ ప్యాకేజీగా కొంటారు, ఏ పద్ధతిలో, ఏ తేదీకి టెండరు, ఏ తేదీకి అగ్రిమెంటు అన్నీ వరుసగా రాయాలి, ఏటా దాన్ని సవరించుకోవాలి. మొదట్లో మేమంతా నవ్వుకున్నాం, దొరలకు కాగితాల పిచ్చి అని. రాయడం మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. మోటారు తేదీ రాయాలంటే ట్రాన్స్‌ఫార్మర్ తేదీ కావాలి. దానికి కరెంటు వాళ్ల ఎస్టిమేటు కావాలి. ట్యాంకు తేదీకి స్థలం కాగితం, మట్టి పరీక్ష కావాలి. వెనక నుంచి ముందుకు లెక్కేసుకుంటూ వస్తే, పైపులు అన్నిటికంటే ఆఖర్న కొనాలని తేలింది. మన పద్ధతిలో అన్నిటికంటే ముందు కొనేది అవే. ఒకే వస్తువు, ఒకే ధర, కానీ కొన్న నెల మారితే అది పథకమా పైపుల గుట్టా అన్నది మారిపోతుంది. కొనుగోలును నడిపించడం అంటే ఇదే అనుకుంటాను. టెండరు పిలవడం అందులో ఒక పూట పని.

ఇది చిన్న పనులకే పరిమితమైన జబ్బు కాదు. 2004 తర్వాత సాగునీటి ప్రాజెక్టుల జలయజ్ఞంలో ఈపీసీ పద్ధతి వచ్చింది. సర్వే, డిజైను, కట్టడం అంతా ఒకరికే, ఒకే మొత్తానికి. ఆలోచనలో తప్పు లేదు. కానీ భూసేకరణ కాకుండా, అటవీ అనుమతులు రాకుండా పనులు అప్పగించారని 2012లో కాగ్ తన నివేదికలో తప్పు పట్టింది. కాలువ మొదట్లో ఒక ముక్క, చివర్లో ఒక ముక్క తవ్వి, మధ్యలో రైతు పొలం అలాగే ఉన్న దృశ్యం మన ఇంజనీర్లకు కొత్త కాదు. జాతీయ రహదారుల ఈపీసీ ఒప్పందాల్లో చూడండి, 90 శాతం స్థలం చేతికిచ్చాకే పని గడువు లెక్క మొదలుపెట్టాలన్న షరతు రాసుకున్నారు. వాళ్లకూ ఆలస్యాలు లేకపోలేదు. కనీసం స్థలం ఇవ్వకుండా గడియారం నొక్కొద్దన్న ఇంగితం కాగితం మీదైనా ఉంది.

మీరు చేయగలిగింది ఇక్కడే ఉంది. నాలాంటి వాడి సర్టిఫికెట్‌ను నమ్మకండి. స్థలం స్వాధీనం చేసిన పంచనామా, చుట్టుపక్కల వాళ్ల సంతకాలు, ఫోటో, కరెంటు, రోడ్డు అనుమతుల కాగితాలు అప్‌లోడ్ అయితేనే టెండరు నంబరు పుట్టేలా సాఫ్ట్‌వేర్‌లో తాళం వేయించండి. ఈఎండీ కట్టకపోతే బిడ్ తీసుకోని సిస్టమ్‌కు ఇది బరువైన పనేం కాదు. కాంట్రాక్టరు నిజాయితీకి మనం డిపాజిట్ అడుగుతాం. మన సంసిద్ధతకు ఒక్క రుజువూ చూపించం.

దాంతోపాటు మార్చి 31 భయం తీసేయండి. నా సర్టిఫికెట్‌లో అబద్ధాన్ని పుట్టించింది నా బద్ధకం ఒక్కటే కాదు, ఆ తేదీ కూడా. స్థలం తేలని పని డబ్బు వచ్చే ఏడాదికి దానంతటదే మిగులుతుందని తెలిస్తే ఏ ఇంజనీరూ దొంగ కాగితం మీద సంతకం పెట్టడు. మార్చిలో సంతకాలు, ఏప్రిల్‌లో వివాదాలు అన్నది మా ఆఫీసుల్లో పాత జోకు.

ఇక టెండరు తర్వాతి సంగతి. ఇది మీకు నచ్చకపోవచ్చు.

నా దగ్గర పనిచేసిన ఒక చిన్న కాంట్రాక్టరు ఉండేవాడు. చేతిపని మంచిది, మాట మంచిది. జేబులో చిన్న డైరీ, అందులో బిల్లుల టోకెన్ నంబర్లు. ఒకరోజు ఆఫీసు వరండాలో కూర్చుని అన్నాడు: "సార్, లెస్ ఎంత వేయాలో నాకు తెలుసు. డబ్బు ఏ నెలలో వస్తదో మీరు చెప్పగలిగితే ఇంకో నాలుగు శాతం తగ్గించి వేస్తా." నేను చెప్పలేకపోయాను.

అతనిదే ఒక పని లెక్క చెబుతాను. ఎస్టిమేటు 46 లక్షలు. 12 శాతం లెస్‌కు తీసుకున్నాడు, అంటే ప్రభుత్వానికి మిగిలింది 5 లక్షల 52 వేలు. మేం సంతోషించాం, పోటీ బాగుందని నోట్ రాశాం. పనికి అతను బయట తెచ్చింది 30 లక్షలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. బిల్లు చేతికి రావడానికి పట్టింది 14 నెలలు. నెలకు 60 వేల చొప్పున వడ్డీ 8 లక్షల 40 వేలు. మనం టెండరులో మిగుల్చుకున్నదానికంటే దాదాపు మూడు లక్షలు ఎక్కువ వడ్డీ వ్యాపారి ఇంటికి పోయింది. ఇది కాక ముందు కట్టిన ఈఎండీ రెండున్నర శాతం, బిల్లులో పట్టుకునే ఏడున్నర శాతం ఎలాగూ మన దగ్గరే ఉంటాయి.

ఆ నష్టాన్ని అతను ఎక్కడ పూడ్చుకోవాలి? సిమెంటులోనా, కడ్డీలోనా? పూడ్చుకోలేదు. అలా చేయడం చేతకాక ఆ వృత్తే మానేశాడు. చేతనైనవాళ్లు మిగిలారు. అదీ మీ ఆలస్యం చేసే ఎంపిక. నాణ్యతకు 30 శాతం దాకా మార్కులిచ్చి కాంట్రాక్టర్ని ఎంచుకోవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో వెసులుబాటు ఇచ్చింది. మంచిదే. కానీ మంచివాడు టెండరు దాకా రావడమే మానేశాక మార్కులు ఎవరికి వేస్తాం? నేను రిటైరయ్యే ముందు నాలుగుసార్లు పిలిచినా ఒక్క బిడ్ రాని పనులు చూశాను. వచ్చినా సీలింగు దగ్గర కూర్చునే ఎక్సెస్‌లు. ఆలస్యాన్ని కాంట్రాక్టర్లు ధరలో కలిపేసుకున్నారు. కలుపుకోలేనివాళ్లు పోయారు. చివర్లో గడువు దాటిపోయిందని ఒప్పందంలోని 60-సి క్లాజు కింద నోటీసులిచ్చేది మాత్రం వాళ్లకే. మనకు నోటీసిచ్చే క్లాజు నేను చూడలేదు.

అదే 2021 ఉత్తర్వులో ఇంకో మాట ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పనుల రన్నింగ్ బిల్లు వచ్చిన పది పనిదినాల్లో 75 శాతం చెల్లించాలి, మిగతాది పూర్తి పరిశీలన చేసి 28 పనిదినాల్లోగా ఇవ్వాలి. అది కేంద్రం పనులకు. మన రాష్ట్రాల్లో దాన్ని అక్షరాలా పెట్టుకోవడానికి అడ్డేముంది? చిన్న సరఫరాదారులకైతే చట్టమే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. వాల్వులు చేసిచ్చే ఒక చిన్న యూనిట్ యజమానికి ఈ సంగతి చెబితే, "రేపు మళ్లీ మీ గుమ్మమే తొక్కాలి కదండీ" అని నవ్వేశాడు. అధికారి మీద కేసు వేసి అదే ఆఫీసులో ఆర్డరు తెచ్చుకోగలిగిన వాణ్ని నేను చూడలేదు.

డబ్బు లేకపోతే ఎక్కడి నుంచి తెమ్మంటావని మీరడగొచ్చు. నిజమే, ఖజానా సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేనడిగేది రెండు. ఒకటి, లేని డబ్బుకు మంజూరు ఇవ్వకండి. వంద పనులు మొదలుపెట్టి అన్నిటినీ సగంలో ఆపడం కంటే నలభై పనులు పూర్తి చేయడం చవక అని ఏ మేస్త్రీనడిగినా చెబుతాడు. శంకుస్థాపన ఫలకాలు తగ్గుతాయి, అది మీకు కష్టమని తెలుసు. రెండోది, ఉన్న కొద్ది డబ్బునూ వరుసలో ఇవ్వండి. ముందు టోకెన్ వచ్చినవాడికి ముందు. ఆ వరుసను అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టండి: టోకెన్ తేదీ, మొత్తం, చెల్లించిన తేదీ. ఆరోజు వరండాలో ఆ కాంట్రాక్టరు అడిగినదానికి అదే జవాబు. తన ముందు ఎంతమంది ఉన్నారో తెలిస్తే 14 నెలలైనా లెక్క వేసుకుంటాడు. బ్యాంకు కూడా ఆ కాగితం చూసి తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. వెనకొచ్చిన బిల్లు ముందు ఎలా పాసైందో తెలియనప్పుడే మనుషులు హైదరాబాద్‌కూ, అమరావతికీ బస్సెక్కుతారు. ఆ బస్సు ఖర్చు, అక్కడి ఖర్చు కూడా చివరికి ఎస్టిమేట్లోకే వచ్చి చేరతాయి.

పైపుల బిల్లు మాట కూడా సరిచేయించండి. సైటులో దించినందుకు కొద్దిగా, కందకంలో పరిచి ప్రెషర్ టెస్టు నిలబడ్డాక ఎక్కువగా ఇవ్వండి. మోటారుకైతే కరెంటు వచ్చిన నెలకే సప్లయి ఆర్డరు, వారంటీ బిగించిన నాటి నుంచే లెక్క. కంపెనీలు కొంత ధర పెంచుతాయి, పెంచనివ్వండి. కాలిపోయిన మోటారు రీవైండింగ్ కంటే అది తక్కువే.

నా వైపు నుంచి ఒక సంగతి మిగిలిపోయింది. రిటైరైన మరుసటి ఏడాది అటు వెళ్తూ ఆ ఊళ్లో ఆగాను. ట్యాంకు నిలబడి ఉంది, నీళ్లు వస్తున్నాయి. పెద్దావిడ లేదు. ఆమె కొడుకు నన్ను గుర్తుపట్టి, "రండి సార్, టీ తాగి పోదురు" అని ఊరి చివర కొత్త కొట్టం దగ్గరికి తీసుకెళ్లాడు. కొట్టం పక్కనే బీరపాదు. దాని పందిరికి నాలుగు గుంజలు, నాలుగూ మా పీవీసీ పైపులే. ఎండ తగిలిన వైపు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, వాటి మీద తయారీ నెల, బ్యాచ్ నంబరు ఇంకా చదవొచ్చు. ఎం.బుక్‌లో నేను ఎక్కించిన లెక్క ప్రకారం అవి ఇప్పటికీ పెద్ద వీధిలో, మూడు అడుగుల లోతున ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు